ఆ శాతం మార్కు కాదు, అంచనా

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడలో ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు వీకెండ్ టెస్ట్ మార్కులతో పాటు ఇంకో అంకె మీద కూడా గొడవలు జరుగుతున్నాయి. చదువు యాప్ తెరవగానే ఒక్కో చాప్టర్ పక్కన ఓ రంగు గీత, ఆ గీత పక్కన శాతం. ద్విపద సిద్ధాంతం 81, సంభావ్యత 34, ఇలా ఉంటాయి. తల్లిదండ్రులు దాన్ని పరీక్షలో వచ్చిన మార్కులాగే చూస్తున్నారు, కొన్ని కాలేజీలూ అలాగే చూస్తున్నాయి, పిల్లలైతే తమ తెలివికి అదే కొలత అనుకుంటున్నారు. నేను సత్యనారాయణపురంలో చాలా ఏళ్లుగా ఇంటర్ లెక్కలు చెబుతున్నాను. ఆ అంకె ఎలా పుడుతుందో తెలిసినవాడిగా మీ పేపర్ ద్వారా అందరికీ ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. అది మార్కు కాదు. పిల్లవాడికి ఆ పాఠం వచ్చి ఉండే అవకాశం ఎంత అని ఒక ప్రోగ్రాం లోపల వేసుకునే అంచనా. అంచనా వేసేవాళ్లు దేన్ని చూసి వేశారో చెప్పాలి, తప్పయితే దిద్దే దారి కూడా ఇవ్వాలి. మా పిల్లల చేతుల్లో నేను చూసిన యాప్‌లలో ఈ రెండూ లేవు.

ఇది ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయిని కాలేజీ వాళ్లు కింది సెక్షన్‌కి మార్చారు. వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, పిల్లకి సంభావ్యత అసలు రాదంటండి, యాప్‌లో 34 అని చూపిస్తోందంట, సార్లు అదే చెప్పారు" అన్నారు. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి కాగితం మీద లెక్కలిస్తే ఒకటి తర్వాత ఒకటి చేసేసింది, నియత సంభావ్యతతో సహా, అదీ స్టెప్పులన్నీ వేసి. మరి 34 ఎక్కడిది? ఆ యాప్ వాడే సూత్రమేంటో కంపెనీ బయటపెట్టలేదు. కాలేజీ వాళ్లని అడిగితే "సిస్టమ్‌లో అలా వచ్చిందండి" అన్నారు. సెక్షన్ మారితే లెక్చరర్లు మారతారు, ఇచ్చే మెటీరియల్ మారుతుంది, పక్కన కూర్చునే పిల్లలు మారతారు. పదహారేళ్ల పిల్ల మనసులో ఏం మారుతుందో ఈ ఊళ్లో పిల్లల్ని చదివిస్తున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

లోపల జరిగేది చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఇంటర్ రెండో ఏడాది లెక్కలు చదివినవాళ్లకి తేలిగ్గానే అర్థమవుతుంది. 1990ల మధ్యలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ అనే ఇద్దరు, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే కంప్యూటర్ ట్యూటర్ కోసం ఒక పద్ధతి తెచ్చారు. దాని పేరు బేయీజియన్ నాలెడ్జ్ ట్రేసింగ్. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మొదట నేర్చుకునేది ఇప్పటికీ దీన్నే. ఒక నైపుణ్యం పిల్లవాడికి వచ్చు, లేదా రాదు, ఈ రెండే స్థితులు అనుకుంటారు. ఏ స్థితిలో ఉన్నాడో కంప్యూటర్‌కి కనపడదు, కనపడేది జవాబు ఒక్కటే. అందుకని నాలుగు అంకెలు పెట్టుకుంటారు. మొదలుపెట్టేటప్పటికే వచ్చి ఉండే అవకాశం ఎంత, ఒక లెక్క చేశాక నేర్చుకునే అవకాశం ఎంత, వచ్చి కూడా తప్పు చేసే అవకాశం ఎంత, రాకపోయినా గుడ్డిగా పెడితే కరెక్టయ్యే అవకాశం ఎంత. ప్రతి జవాబు తర్వాత మనం పాఠంలో చెప్పే బేయీజ్ సిద్ధాంతం వాడి అంచనాని మారుస్తారు. ఆ అంచనా 95 శాతం దాటితే ఇక వచ్చేసినట్టే అని కార్బెట్, ఆండర్సన్ గీత గీశారు. అంతకు మించి మాయేం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. మొదట 40 శాతం వచ్చు అనుకున్నారనుకోండి. వచ్చినవాడు పొరపాటు చేసే అవకాశం 10 శాతం, రానివాడు నాలుగు ఆప్షన్లలో ఒకటి పెడితే తగిలే అవకాశం 25 శాతం, ఒక్కో లెక్కతో నేర్చుకునే అవకాశం 10 శాతం. ఇలాంటి పిల్లలు వంద మంది ఉంటే 40 మందికి వచ్చు, వాళ్లలో 36 మంది కరెక్టు పెడతారు. రాని 60 మందిలో కూడా 15 మందికి తగులుతుంది. మొత్తం 51 మంది కరెక్టు, అందులో నిజంగా వచ్చినవాళ్లు 36 మంది, అంటే దాదాపు 71 శాతం. నేర్చుకోవడం కూడా కలిపితే 73 దాటుతుంది. ఒకే ఒక్క సరైన జవాబుకి 40 నుంచి 73! ఇప్పుడు తర్వాతి ప్రశ్న తప్పయిందనుకోండి, అదే సూత్రంతో, అవే అంకెలతో లెక్కేస్తే 73 కాస్తా 34కి పడిపోతుంది. కావాలంటే మీరే కాగితం తీసి వేసి చూసుకోండి. ఆ అమ్మాయికి వచ్చింది కూడా ఇలాగే అని నేను అనడం లేదు. 34 అనే అంకె ఒక్క తప్పు ఆప్షన్ దూరంలో ఉండొచ్చని, దాన్ని పట్టుకుని పిల్లని సెక్షన్ మార్చేంత బలం ఆ అంకెకి లేదని మాత్రం గట్టిగా అంటున్నాను.

పైగా ఆ నాలుగు అంకెలూ మీ పిల్లని చూసి పెట్టినవి కావు. అంతకుముందు అదే చాప్టర్ చేసిన వేరే పిల్లల జవాబులన్నీ పోగేసి, వాటికి సరిపోయేట్టు లెక్కగట్టి పెడతారు. ఆ పిల్లలు మన పిల్లల్లాంటి వాళ్లేనా అన్నది పెద్ద ప్రశ్న. మన దగ్గర ఈఏపీసెట్‌కి ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్కటి కూడా వదలకుండా అన్నిటికీ ఏదో ఒకటి పెట్టి రమ్మని మేమే చెబుతాం, చెప్పాలి కూడా. అదే జేఈఈ మెయిన్‌లో ఆప్షన్ తప్పయితే ఒక మార్కు పోతుంది, అక్కడ తెలియనిది వదిలెయ్యమంటాం. ఒకే పిల్ల సోమవారం ఈఏపీసెట్ మోడ్‌లో, మంగళవారం జేఈఈ మోడ్‌లో కూర్చుంటుంది. గుడ్డిగా పెట్టే అలవాటు పరీక్షని బట్టి మారిపోతుంటే దానికి ఒక్క అంకె పెట్టుకున్న ప్రోగ్రాం ఏం తెలుసుకోగలదు? గుడ్డిగా పెట్టింది తగిలితే వచ్చేసిందంటుంది, జాగ్రత్తగా ఆలోచించి వదిలేస్తే రాదంటుంది.

యాప్‌కి అసలు కనపడేదేమిటో కూడా ఆలోచించండి. ఏ ఆప్షన్ నొక్కారు, ఎన్ని సెకన్లు పట్టింది, హింట్ చూశారా, వీడియో ఆపారా, వెనక్కి జరిపారా. రఫ్ కాగితం దానికి కనపడదు. అంతా సరిగ్గా చేసి చివర్లో గుర్తు మార్చడం మర్చిపోయిన పిల్లవాడు, మొదటి లైను కూడా తెలియని పిల్లవాడు, ఇద్దరూ ఆప్షన్ల ప్రశ్నలో ఒకటే తప్పు. లెక్కల మాస్టారుగా నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే మేము పేపర్ దిద్దేటప్పుడు జవాబు కంటే ముందు చూసేది ఆ కాగితాన్నే. ఇక ఇళ్లలో ఫోన్ సంగతి సరేసరి. నాన్న ఫోన్‌లో అక్క లాగిన్ ఉంటుంది, తమ్ముడు తీసుకుని అవీ ఇవీ నొక్కుతాడు, సిగ్నల్ పోయి పేజీ తిరుగుతూ ఉంటే ఆ సెకన్లన్నీ పిల్ల ఆలోచిస్తున్నట్టే లెక్కలోకి పోవచ్చు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల ఇంగ్లీషులో ఉన్న ప్రశ్న రెండుసార్లు చదువుకుని, అయినా అర్థం కాక తప్పు పెడితే, ఆ తప్పు ఇంగ్లీషు ఖాతాలో పడదు, సంభావ్యత ఖాతాలో పడుతుంది. ఇలాంటి పిల్లలు మన గుంటూరు, కృష్ణా, పల్నాడు ఊళ్ల నుంచి హాస్టళ్లకి వచ్చేవాళ్లలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు.

ప్రశ్నకి లేబుల్ ఎవరు వేశారన్నది ఇంకోటి. ఈ ప్రశ్న సంభావ్యతది, ఈ ప్రశ్న ప్రస్తారాలది అని ఎవరో కూర్చుని చీటీ అంటిస్తారు. సంభావ్యత లెక్కల్లో సగం ప్రస్తారాలు, సంయోగాలు రాకపోతే కదలవు. పిల్ల తడబడింది సంయోగాల దగ్గరైతే సంభావ్యత రాదనడం రోగం ఒక చోట, మందు ఒక చోట. దీన్ని బాగా పట్టించుకున్న పద్ధతి కూడా ఉంది, అన్యాయంగా మాట్లాడకూడదు కదా. 1985లో జాన్-పాల్ దొన్యాన్, జాన్-క్లాడ్ ఫాల్మాన్ అనే ఇద్దరు నాలెడ్జ్ స్పేస్ సిద్ధాంతం తెచ్చారు. ఏది రావాలంటే ముందు ఏది రావాలో ఒక పటం వేసుకుని, పిల్లవాడు ఆ పటంలో ఎక్కడున్నాడో వెతుకుతారు. ఆలెక్స్ అనే ప్రోగ్రాం దాని మీదే నడుస్తుంది. అది ఒక్క శాతంతో ఆపకుండా, నీకు ఇవి వచ్చు, ఇప్పుడు నేర్చుకోవడానికి ఇవి సిద్ధంగా ఉన్నాయి అని చూపిస్తుంది. అలా చూపిస్తే పిల్లకి దారి కనపడుతుంది.

మరిచిపోవడం గురించి కూడా ఒక మాట. నేను పైన చెప్పిన పాత పద్ధతిలో, మొదట రూపొందించినప్పుడు, ఒకసారి వచ్చినది మళ్లీ పోదు అనే లెక్క. మనిషి అలా ఉండడు. 1885లోనే జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాలు తనే కంఠతా పట్టి, ఎంత సేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి రాశాడు. కొన్ని యాప్‌లు ఈ సంగతి పట్టించుకుని రోజులు గడిచేకొద్దీ అంచనా తగ్గించుకుంటూ మళ్లీ మళ్లీ అడుగుతాయి, అది మంచిదే. పట్టించుకోని వాటిలో జూన్‌లో వచ్చిన పచ్చ రంగు మార్చి దాకా అలాగే ఉంటుంది, ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు.

ఇప్పుడు చదరంగం సంగతి. కోనేరు హంపి మన విజయవాడ అమ్మాయే, ఈ ఊళ్లో చెస్ కోచింగ్‌కి పిల్లల్ని పంపే అమ్మానాన్నలకి ఎలో రేటింగ్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబితే, గెలుపోటములని బట్టి పెరిగీ తగ్గే ఆటగాడి బలం అంకె అది. అర్పాద్ ఎలో తయారుచేసిన ఆ పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో తీసుకుంది. చాలామందికి తెలియనిదేంటంటే, చదువు సైట్లలో కొన్ని అదే సూత్రం వాడతాయి. ఇక్కడ పిల్లకి ఎదురు కూర్చున్న ఆటగాడు ప్రశ్న. పిల్ల ప్రశ్నని గెలిస్తే పిల్ల రేటింగ్ పెరుగుతుంది, ప్రశ్న రేటింగ్ తగ్గుతుంది. ఓడిపోతే తిరగబడుతుంది. కష్టమైన ప్రశ్న గెలిస్తే ఎక్కువ, సులువైనది గెలిస్తే తక్కువ. అందులో తప్పేం లేదు, చక్కటి పద్ధతి.

కానీ చెస్‌లో రేటింగ్ తగ్గిన పిల్లవాడు ఏం చెయ్యగలడు? సమాఖ్య వెబ్‌సైట్‌లోకి వెళ్తే ఏ టోర్నమెంటులో, ఎవరితో ఆడిన ఆటలో, ఎంత పోయిందో ఆట ఆటకీ కనపడుతుంది. సూత్రం అందరికీ తెలుసు. ఫలితం తప్పు ఎక్కించారనుకుంటే అడగడానికి ఆర్బిటర్, అంటే ఆట న్యాయనిర్ణేత, ఉన్నాడు, ఫెడరేషన్ ఉంది. ఇంటర్ పిల్ల 34కి పడిపోతే అడగడానికి ఎవరున్నారు? ఆటకి ఇచ్చే పారదర్శకత చదువుకి ఎందుకివ్వరు? నా ఉత్తరం మొత్తం ఈ ఒక్క ప్రశ్న కోసమే.

దీనికి కంపెనీల తరఫున ఒక జవాబు వినిపిస్తుంది, ఇప్పటి మోడళ్లు, అంటే అంచనా వేసే ఈ లెక్కల చట్రాలు, చాలా క్లిష్టం, విప్పి చూపించడం కుదరదని. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మెదడులోని నాడుల అల్లికని పోలిన న్యూరల్ నెట్‌వర్క్‌తో డీప్ నాలెడ్జ్ ట్రేసింగ్ అని ఒకటి తెచ్చారు, ఖాన్ అకాడమీ పిల్లల జవాబులు కూడా వాడి చూశారు. తర్వాతి జవాబు కరెక్టా తప్పా అని ముందే చెప్పడంలో అది పాత పద్ధతి కంటే మెరుగ్గా వచ్చింది, లోపలి అంకెల్లో దేని అర్థం ఏంటో చెప్పడం మాత్రం కష్టమైంది. అయితే 2016లోనే ఇంకో బృందం, పాత పద్ధతికే మరిచిపోవడం, పిల్లల మధ్య తేడాలు లాంటివి చేర్చి చూస్తే దాదాపు అంతే బాగా వస్తుందని చూపించింది. కాబట్టి విప్పి చెప్పగలిగే మోడల్ వాడితే నాణ్యత పోతుందనే భయం అంత గట్టిదేం కాదు. పైగా పిల్లకి తన గురించి ప్రోగ్రాం వేసుకున్న మోడల్‌ని తెరిచి చూపించడం మీద సిడ్నీలో జూడీ కే, ఇంగ్లండ్‌లో సుసాన్ బుల్ లాంటివాళ్లు 1990ల నుంచీ పనిచేస్తున్నారు. ఓపెన్ లెర్నర్ మోడల్ అంటారు దాన్ని. కొన్నిట్లో పిల్లే "ఇది నాకు వచ్చు, కావాలంటే అడుగు" అని ప్రోగ్రాంతో వాదించొచ్చు, ప్రోగ్రాం ప్రశ్నలిచ్చి చూసి తన అంచనా మార్చుకుంటుంది. ఎంత మంచి పని! మన పిల్లలకి అది ఎందుకు దొరకదు?

ఇదంతా చదివి నేను యాప్‌లకి వ్యతిరేకిని అనుకోకండి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రాం మీద కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెజాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లో, లాటరీలో అవకాశం రాని పిల్లల కంటే వచ్చిన పిల్లలు లెక్కల్లోనూ, హిందీలోనూ బాగా ముందుకెళ్లారు. ఎందుకంటే ఆరో తరగతి పిల్లవాడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉంటే, ఆ ప్రోగ్రాం వాడు ఎక్కడున్నాడో అక్కడి నుంచి మొదలుపెట్టింది. బడిలో ఒక్క టీచరు నలభై మందికి అలా చెయ్యలేరు. మన రాష్ట్రంలో కూడా ప్రభుత్వ బడుల్లో పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ పేరుతో ట్యాబ్‌ల మీద ఇలాంటిదే వాడుతున్నారు. అయితే ఢిల్లీలో అంచనాని వాడింది తర్వాత ఏ ప్రశ్న ఇవ్వాలో తేల్చుకోవడానికి, పక్కనే చిన్న గుంపులకి సాయం చేసే మనిషి కూడా ఉన్నారు. తర్వాతి ప్రశ్న ఎంచుకోవడంలో అంచనా తప్పితే పోయేది రెండు నిమిషాలు. సెక్షన్ ఎంచుకోవడంలో తప్పితే పోయేది ఏడాది. ఒకే అంకెని రెండు పనులకీ వాడటం అందుకే తప్పు.

చట్టం కూడా ఏం లేకుండా లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, అంటే ఇంటర్ పిల్లల్లో చాలామంది వస్తారు. పిల్లల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల్ని ట్రాక్ చెయ్యకూడదు, ప్రవర్తన మీద నిఘా పెట్టకూడదు అని 9వ సెక్షన్ చెబుతోంది. 2025 నవంబరులో వచ్చిన నియమాల్లో విద్యాసంస్థలకి, చదువుకి సంబంధించిన పనుల కోసం, ఈ ట్రాకింగ్ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఉండటం అర్థం చేసుకోగలను, అటెండెన్సు రిజిస్టరు కూడా ఒక రకం ట్రాకింగే. కానీ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారంటే ఏం లెక్కేస్తున్నారో దాచుకోవచ్చని అర్థం కాదు. తన గురించి ఏ డేటా ఉందో తెలుసుకునే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు అదే చట్టంలో ఉన్నాయి, పిల్లల తరఫున తల్లిదండ్రులు అడగొచ్చు. నియమాల్లో ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. ఈ గడువు లోపలే ఇంటర్మీడియట్ బోర్డు కాలేజీలకి ఒక సర్క్యులర్ ఇవ్వాలని నా కోరిక. యాప్ అంచనాని సెక్షన్లు మార్చడానికి, ఫీజు రాయితీ తీసెయ్యడానికి వాడకూడదని, వాడాలనుకుంటే ముందు లెక్చరర్ కాగితం మీద పరీక్షపెట్టి చూడాలని అందులో రాస్తే చాలు.

కంపెనీలని అడిగేది కూడా పెద్దదేం కాదు. 34 అని ఒంటి అంకె వెయ్యకండి, ఎన్ని ప్రశ్నలు చూసి వేశారో పక్కన రాయండి. నాలుగు ప్రశ్నల మీద వచ్చిన 34, నలభై ప్రశ్నల మీద వచ్చిన 34 ఒకటి కావు. దాని మీద నొక్కితే ఏ ప్రశ్నలో ఎంత తగ్గిందో కనపడాలి. పక్కన "ఇది నేను చేసింది కాదు" అనే బటన్, "మళ్లీ అడుగు" అనే బటన్ ఉండాలి. తెలుగులో ప్రశ్న చదువుకునే వీలుండాలి.

తల్లిదండ్రులకి, ముఖ్యంగా ఊళ్ల నుంచి పిల్లల్ని హాస్టల్లో వేసి నెలకోసారి పేరెంట్స్ మీటింగ్‌కి బస్సెక్కి వచ్చేవాళ్లకి చెబుతున్నాను. మీటింగ్‌లో ప్రింటు తీసిన రిపోర్టు చేతిలో పెడితే అంకె చూసి పిల్లని తిట్టకండి. ఇది ఎన్ని ప్రశ్నల మీద వచ్చింది, చివరిసారి ఎప్పుడు చేసింది, పిల్ల రఫ్ నోట్సు మీరు చూశారా అని లెక్చరర్‌ని అడగండి. మీరు చదువుకోలేదని మొహమాటపడొద్దు, ఈ ప్రశ్నలు అడగడానికి చదువు అక్కర్లేదు. నేను పైన చెప్పిన అమ్మాయి విషయంలో వాళ్ల నాన్న అదే అడిగారు. లెక్చరర్ గారు పిల్లని పిలిచి బోర్డు మీద రెండు లెక్కలు చేయించి చూశారట, వచ్చే సోమవారం పాత సెక్షన్‌లో కూర్చోమన్నారు. యాప్‌లో మాత్రం ఇంకా 34 అనే ఉంది.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
సత్యనారాయణపురం, విజయవాడ.